స్లిప్పులో అంకె తప్పింది, చెక్కు మీద పేరు తప్పలేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో ఒక పల్లె. మూడెకరాల నిమ్మతోట ఉంది. వేసవి కాయలకు గాను వ్యాపారి నా పేరున 2,40,000 రూపాయల చెక్కు ఇచ్చాడు. దాని మీద రెండు గీతలు గీసి అకౌంట్ పేయీ అని రాశాడు. నాకు ఖాతా ఉన్న బ్యాంకుకు తీసుకువెళితే కౌంటరులో తీసుకోలేదు, పెట్టెలో వేయమన్నారు. మా అబ్బాయి స్లిప్పు నింపి చెక్కుతో కలిపి పెట్టెలో వేశాడు. తర్వాత ఖాతా సంగతి నేను చూసుకోలేదు. నాలుగు నెలలకు ఎరువుల కోసం వెళితే ఆ డబ్బు పడనే లేదని తెలిసింది. విచారిస్తే మావాడు స్లిప్పులో ఖాతా నంబరులోని రెండు అంకెలు అటూ ఇటూ రాశాడట. డబ్బు అదే బ్యాంకులో, ఆత్మకూరు వైపు ఉన్న మరో పెంచలయ్య ఖాతాలో పడింది. ఆయన ఇంటిపేరు వేరు. పడిన డబ్బులో 95,000 ఆయన పంట రుణం బకాయికి బ్యాంకే జమ వేసుకుంది. 1,20,000 ఆయన తీసుకున్నాడు. 25,000 మిగిలి ఉంది. మేనేజరును అడిగితే, ‘మీరు రాసిన నంబరుకే వేశాం, తప్పు మీది, మీరూ ఆయనా తేల్చుకోండి, అయినా నాలుగు నెలలు ఏం చేశారు’ అన్నారు. వ్యాపారిని అడిగితే తన ఖాతాలో డబ్బు తగ్గిందని, పాజిటివ్ పే కూడా చేశానని చెప్పాడు. మావాడు అప్పటి నుంచి సరిగా అన్నం తినడం లేదు. బ్యాంకుకు బాధ్యత లేదా? నేను ఎవరిని అడగాలి?

సమాధానం:

పెంచలయ్య గారూ, ముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి. రెండు అంకెలు తారుమారు కావడం పొరపాటే. కానీ ఆ పొరపాటుతో మీ డబ్బు మీద మీ హక్కు పోదు. మీరు అడగవలసింది మీ బ్యాంకునే. వ్యాపారిని కాదు, ఆత్మకూరు పెంచలయ్యనూ కాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో కొన్నేళ్లు కావలిలో చెక్కుల క్లియరింగు, అంటే చెక్కు ఇచ్చినవారి బ్యాంకు నుంచి డబ్బు వసూలు చేసే పని, చూశాను. స్లిప్పునూ చెక్కునూ పక్కపక్కన పెట్టుకుని, ముందు చెక్కు మీద పేరు చదివి, తర్వాత స్లిప్పులోని నంబరు లెడ్జరులో ఎవరిదో చూసేవాళ్లం. రెండూ కలిస్తేనే ముందుకు పంపేవాళ్లం. కలవని చెక్కును పక్కన పెట్టి ఖాతాదారుకు కబురు పంపేవాళ్లం. ఒకటిని ఏడుగా రాసినవి, సున్నా ఒకటి ఎక్కువైనవి, అంకెలు తారుమారైనవి తరచూ వచ్చేవి. సరుకు అమ్మిన హడావుడిలో, సంతకం తప్ప ఇంకేమీ రాయడం అలవాటు లేని మనుషులు ఇచ్చే కాగితాలు అవి. వాటిలోని తప్పు పట్టుకోవడానికే మాకు జీతం ఇచ్చారు. ఇప్పుడు లెడ్జర్లు లేవు. నంబరు కొట్టగానే ఖాతాదారు పేరు తెర మీదికి వస్తుంది. మీ చెక్కు విషయంలో ఆ పేరును చెక్కు మీది పేరుతో సరిచూసి ఉంటే ఇంటిపేరు వేరని అక్కడే తెలిసిపోయేది. అందుకే, తప్పంతా మీదేనన్న మాట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మా వృత్తిలో మొదట నేర్పే పనిని చేయకుండా వదిలేసి, ఆ నష్టాన్ని రైతు నెత్తిన వేయడం నాకు సహించలేని విషయం.

మేనేజరు అలా ఎందుకు అని ఉంటారో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఫోనులోనో కంప్యూటరులోనో నెఫ్ట్ ద్వారా డబ్బు పంపినప్పుడు ఖాతా నంబరే ఆధారం. పేరు తప్పుగా ఉన్నా, నంబరు ఎవరిదైతే వారికే జమ అవుతుంది. 2010లో రిజర్వు బ్యాంకు ఆ పద్ధతిని ఖరారు చేసింది. నంబరు సరిగా ఇవ్వవలసిన బాధ్యత పంపేవారిది. ఆ పద్ధతిలో ఎందరో నష్టపోయాక, డబ్బు పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు కనిపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ నాటికి చేయాలని బ్యాంకులకు చెప్పింది. రోజంతా ఈ లావాదేవీలే చూసేవారికి నంబరే సర్వస్వం అనిపించడం సహజం.

చెక్కు సంగతి వేరు. ఫలానా పేరు గలవారికి ఇంత సొమ్ము చెల్లించండి అని వ్యాపారి రాతపూర్వకంగా ఇచ్చిన ఆదేశం అది. అందులో మీ ఖాతా నంబరు లేదు, మీ పేరు ఉంది. స్లిప్పు అనేది బ్యాంకు పని సులువు కావడానికి మీరు నింపి ఇచ్చే చీటీ మాత్రమే. చీటీలోని నంబరు ఒకరిని, చెక్కులోని పేరు మరొకరిని చూపిస్తుంటే బ్యాంకు ఆగి అడగాలి.

పైగా మీ చెక్కు మీద అకౌంట్ పేయీ అని ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో రెండు గీతల క్రాసింగు గురించి ఉంది కానీ ఈ రెండు మాటల గురించి లేదు. అవి బ్యాంకుల వాడుకలోంచి వచ్చి స్థిరపడ్డాయి. చెక్కును వసూలు చేసే బ్యాంకుకు, ఈ డబ్బును పేరున్న మనిషి ఖాతాలోనే వేయి అని ఇచ్చే ఆజ్ఞ అది. కొత్త షేర్ల అమ్మకాల సందర్భంగా ఒకరి పేరున ఉన్న చెక్కులను ఇంకొకరి ఖాతాల్లో వేసిన వ్యవహారం బయటపడ్డాక, 2006 జనవరిలో రిజర్వు బ్యాంకు దీన్ని తిరుగులేని నిషేధంగా మార్చింది. అకౌంట్ పేయీ చెక్కును అందులో పేరున్నవారి ఖాతాలో తప్ప మరొకరి ఖాతాలో జమ చేయకూడదు. తర్వాత ఒక్క చిన్న మినహాయింపు వచ్చింది. సహకార పరపతి సంఘంలో సభ్యుడైన రైతు పేరున 50,000 రూపాయలు మించని చెక్కు వస్తే, ఆ సంఘం ఖాతాకు వసూలు చేయవచ్చు. మీ చెక్కు విలువకూ పరిస్థితికీ అది వర్తించదు. అంటే మీవాడు ఏ నంబరు రాసినా, వేరే ఇంటిపేరున్న మనిషి ఖాతాలో ఈ చెక్కును వేసే అధికారం మీ బ్యాంకుకు లేదు.

బ్యాంకు వకీలు అదే 1881 చట్టంలోని 131వ సెక్షను ఎత్తవచ్చు. క్రాస్ చేసిన చెక్కును సద్బుద్ధితో, నిర్లక్ష్యం లేకుండా తన ఖాతాదారు కోసం వసూలు చేసిన బ్యాంకును, తర్వాత ఆ ఖాతాదారుకు చెక్కు మీద హక్కు లేదని తేలినా, ఆ సెక్షను కాపాడుతుంది. నిర్లక్ష్యం లేకుండా అన్న షరతును గమనించండి. కేరళ రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్యకూ స్టేట్ బ్యాంకుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లో ఈ విషయాన్ని వివరంగా తేల్చింది. రక్షణ కోరే బ్యాంకే తాను నిర్లక్ష్యంగా లేనని రుజువు చేసుకోవాలి, ఆ భారం అసలు హక్కుదారు మీద లేదు. చెక్కును భూతద్దం పెట్టి చూడనక్కరలేదు కానీ, పైకి కనిపిస్తున్న అనుమానాన్ని పట్టించుకోకపోతే అది నిర్లక్ష్యం కావచ్చు. ఇంటిపేరు తేడా చూడటానికి భూతద్దం కావాలా?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఆ రెండో ఆయన ఇంటిపేరు కూడా మీదే అయి ఉంటే నేను ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదు. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్నవారు మీ చుట్టుపక్కల మండలాల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంటిపేరు, పేరు రెండూ కలిసిన ఖాతాలో పడి ఉంటే, మేము చూడవలసింది చూశాం అని బ్యాంకు అనగలదు, ఆ వాదనకు బలం ఉండేది. అప్పుడు కూడా డబ్బు తీసుకున్న మనిషి తిరిగి ఇవ్వవలసిందే, కానీ బ్యాంకును నిలదీయడం కష్టమయ్యేది. మీ అదృష్టం కొద్దీ ఇక్కడ తేడా చెక్కు మీద అచ్చంగా కనిపిస్తోంది. అలాగే, అకౌంట్ పేయీ అన్న మాటలు లేకుండా ఉత్త రెండు గీతలే ఉండి, వెనుక మీ సంతకంతో మరొకరికి రాసిచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. మీరు అలా ఏమీ చేయలేదు కాబట్టి దాని జోలికి పోను.

నాలుగు నెలలు ఏం చేశారన్న ప్రశ్న ఉంది కదా. పాసుపుస్తకం నెలకోసారైనా వేయించుకుని ఉండవలసింది, ఆ మాట నేనూ అంటాను. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు అందిన వెంటనే స్కాన్ చేసి క్లియరింగుకు పంపుతున్నారు. డబ్బు త్వరగా వస్తుంది, తప్పు ఖాతాకూ అంతే త్వరగా పోతుంది. అయితే ఆలస్యంగా చూసుకున్నంత మాత్రాన బ్యాంకు బాధ్యత తుడిచిపెట్టుకుపోదు. కెనరా సేల్స్ కార్పొరేషన్ వ్యాజ్యం దీనికి మంచి ఉదాహరణ. ఆ కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగి దొంగ సంతకాలతో 42 చెక్కులు మార్చి, మూడు లక్షల ఇరవై ఆరు వేల పైచిలుకు కాజేశాడు. పాసుపుస్తకం చూసుకుంటే ముందే తెలిసేది కదా అని బ్యాంకు వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. పాసుపుస్తకంలోని తప్పులు పట్టుకోలేదన్న కారణంతో ఖాతాదారు నష్టపోనక్కరలేదని చెప్పింది. అది దొంగ సంతకాల కేసు, మీది వేరు, అయినా ఈ ఒక్క వాదనకు జవాబుగా పనికివస్తుంది. మీ ఆలస్యాన్ని చూపించి వడ్డీలోనో, మనోవేదనకు ఇచ్చే పరిహారంలోనో కొంత కోత పెట్టమని బ్యాంకు అడగవచ్చు. అసలు సొమ్ము గురించి మాత్రం మీరు వెనకడుగు వేయవద్దు.

వ్యాపారితో పేచీ పెట్టుకోకండి. ఆయన చెక్కు ఇచ్చాడు, ఆయన ఖాతాలోంచి డబ్బు పోయింది, మీ తరపున వసూలు చేసుకున్నది మీ బ్యాంకే. ఆయన బాకీ అక్కడితో తీరింది. పాజిటివ్ పే చేశానని ఆయన చెప్పింది కూడా సరైనదే. 50,000 రూపాయలు, అంతకు పైబడిన చెక్కుల వివరాలను ఇచ్చినవారే తమ బ్యాంకుకు ముందుగా తెలిపే ఏర్పాటు అది, 2021 జనవరి 1 నుంచి ఉంది. చెక్కును దిద్దారా లేదా అన్నది ఆయన బ్యాంకు పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. మీ బ్యాంకులో ఏ ఖాతాకు జమ వేశారో దానికి కనిపించదు. వచ్చే వేసవిలో మళ్లీ కాయలు కొనవలసిన మనిషి ఆయన. ఫలానా తేదీన ఫలానా నంబరు చెక్కు చెల్లింపు అయిందని ఆయన ఖాతా నుంచి ఒక్క పేజీ స్టేట్‌మెంటు తీసి ఇమ్మని అడగండి. ఇస్తాడు.

ఇక ఆత్మకూరు పెంచలయ్య. నలుగురిని వెంటేసుకుని ఆయన ఇంటి మీదికి వెళ్లాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. తనది కాని డబ్బు పొరపాటున చేతికి వస్తే తిరిగి ఇచ్చితీరాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను చెబుతుంది. ఖర్చయిపోయిందన్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. తెలిసి తెలిసి సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం కూడా అవుతుంది. కానీ ఆయన నుంచి రాబట్టుకునే పని బ్యాంకుది. డబ్బు ఆయనకు ఇచ్చింది బ్యాంకు, ఆయన ఖాతా ఉన్నది బ్యాంకులో, ఆయన వివరాలు ఉన్నది బ్యాంకు దగ్గర. ఆయన దగ్గర వసూలయ్యాక మీకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ముందు మీకు జమ వేసి, తర్వాత ఆయనతో తేల్చుకోమనండి.

పంట రుణానికి జమ వేసుకున్న 95,000 గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం రాశారు. నా మటుకు నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే అన్యాయం అదే. బాకీదారు సొమ్మును తన బాకీకి మళ్లించుకునే హక్కు బ్యాంకుకు ఉంది, నిజమే. అది ఆయన సొమ్మయితే కదా! మీ నిమ్మకాయల డబ్బుతో బ్యాంకు తన మొండి బాకీ రాబట్టుకుని, మిమ్మల్ని వెళ్లి ఆయనతో తేల్చుకోమంటోంది. ఆ 95,000 ఎక్కడికీ పోలేదు, బ్యాంకు పుస్తకాల్లోనే ఉంది, ఒక్క ఎంట్రీతో వెనక్కి తిప్పవచ్చు. మిగిలిన 25,000 కదలకుండా ఆ ఖాతాలో నిలిపి ఉంచడమూ వారి చేతిలో పనే. అంటే సగం సొమ్ము ఈరోజే తిరిగి ఇవ్వగల స్థితిలో ఉండి కూడా ఇవ్వడం లేదు. మీ ఫిర్యాదులో ఈ విషయాన్ని విడిగా, ఒక పేరాగా రాయండి.

ఫిర్యాదు తెలుగులోనే రాయండి, మేనేజరు పేరున, రెండు ప్రతులు. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, చెక్కు మీద ఉన్న మీ పూర్తి పేరు, అకౌంట్ పేయీ అని ఉన్న విషయం, పెట్టెలో వేసిన రోజు రాయండి. స్లిప్పులో నంబరు తప్పిందన్న నిజాన్ని దాచవద్దు, మీరే చెప్పండి. ఆ తర్వాత, చెక్కు మీది పేరూ ఖాతాదారు పేరూ వేరయినా ఎందుకు జమ వేశారో రాతపూర్వకంగా తెలపమని అడగండి. 2,40,000 రూపాయలను, జమ కావలసిన రోజు నుంచి వడ్డీతో సహా, మీ ఖాతాలో వేయమని అడగండి. చెక్కుల వసూలుకూ పరిహారానికీ ప్రతి బ్యాంకుకు రాసిపెట్టుకున్న విధానం ఉంటుంది. దాని ప్రకారం వడ్డీ ఎంతో లెక్క చూపమనండి. చెక్కు రెండు వైపులా, స్లిప్పు కూడా నకళ్లు ఇమ్మనండి. ఇప్పటి క్లియరింగులో బొమ్మ మాత్రమే అవతలి బ్యాంకుకు వెళుతుంది, అసలు చెక్కు డబ్బు వసూలు చేసిన బ్యాంకు దగ్గరే పదేళ్లు భద్రంగా ఉండాలి. కాబట్టి మా దగ్గర లేదు అనడానికి వీల్లేదు. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి.

పెట్టెలో వేయమని పంపించివేయడం గురించి కూడా ఒక వాక్యం చేర్చండి. చెక్కుల పెట్టె పెట్టినంత మాత్రాన కౌంటరులో తీసుకోబోమని అనకూడదు. అడిగినవారికి స్లిప్పు మీద రసీదు ముద్ర వేసి ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పిన నిబంధన, ఆ సంగతి పెట్టె మీద రాసి ఉంచాలి కూడా. ఆ రోజు కౌంటరులో ఎవరైనా స్లిప్పు చేతిలోకి తీసుకుని ఉంటే తప్పు అక్కడే దొరికేదేమో.

ముప్పై రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, వెళ్లవచ్చు. ఈ ఏర్పాటును 2021 నవంబరులో దేశమంతటికీ ఒకే పథకంగా మార్చారు. ఇంటర్నెట్‌లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టవచ్చు, చండీగఢ్‌లోని కేంద్రానికి ఉత్తరమూ రాయవచ్చు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు. దీనికి గడువు ఉంటుంది కాబట్టి బ్యాంకు జవాబు అందాక ఆలస్యం చేయకుండా వెళ్లండి. రెండు జాగ్రత్తలు. ఈ ఫిర్యాదును వకీలు చేత పంపించకూడదు, మీరే పెట్టుకోవాలి. ఇదే విషయం మీద కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో ముందే కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే నేను ముందు ఇటు వెళ్లమంటాను.

అక్కడ న్యాయం జరగకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఆ బ్యాంకు ఖాతాదారు కాబట్టి వినియోగదారుగా ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉంది. గడువు రెండేళ్లు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా ఉండదు. సివిల్ దావాకు మూడేళ్లు గడువు ఉంది కానీ, మీకు అంతదూరం పోవలసిన అవసరం వస్తుందని నేను అనుకోవడం లేదు. చెక్కు నకలును, అకౌంట్ పేయీ నిబంధనను పక్కపక్కన పెట్టి ఫిర్యాదు రాస్తే, చాలా శాఖలు పై ఆఫీసుకు పంపి సర్దుబాటు చేస్తాయి. మేనేజరు నోటి మాటగా అన్నదాన్ని కాగితం మీద సంతకం పెట్టి ఇమ్మంటే చాలాసార్లు ఆ మాట మారుతుంది. నా ఉద్యోగంలో అది నేను కళ్లారా చూశాను.

చెక్కు ఇచ్చినప్పుడు మీవాడు ఫోనులో ఫొటో తీసి ఉంటాడని అనుకుంటున్నాను, ఈ వయసు పిల్లలు చాలామంది తీస్తారు. ఉంటే అది ఆ ఫోనులోనే ఉండిపోనివ్వకండి. రేపే పొదలకూరు వెళ్లి రెండు ప్రింట్లు తీయించి ఒకటి ఫిర్యాదుకు జత చేయండి. ఆ ఫిర్యాదు కూడా అబ్బాయి చేతే రాయించండి. మీ ఖాతా నంబరు మాత్రం పాసుపుస్తకం ఎదురుగా పెట్టుకుని మీరు ఒక్కో అంకె చదవండి, తను రాస్తాడు.